నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35: కొని దాచుకుంటే రేపు కోట్లు వస్తాయా?

ఈ ఎపిసోడ్ టాపిక్ మీరు పంపిన ప్రశ్నల్లోంచే తీసుకున్నా. ఈ మధ్య రీల్స్‌లో ఒక మాట తెగ తిరుగుతోంది. "నిస్సాన్ జీటీ-ఆర్ తయారీ ఆగిపోయింది బ్రో, ఇప్పుడు కొన్నోడే కింగ్, పదేళ్లలో రేటు మూడింతలు" అని. "అన్నా, కారు కూడా భూమి లాగా పెరుగుతుందా?" అని చాలామంది అడిగారు.

ఈ వీడియో చూసేవాళ్లలో జీటీ-ఆర్ కొనగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు. నేనూ కొనలేను. కానీ ఈ లాజిక్ జీటీ-ఆర్ దగ్గర ఆగదు. ఇదే మాట చెప్పి లిమిటెడ్ ఎడిషన్ బైకులు, వాచీలు, షూలు మన వయసు వాళ్లకి ఈఎంఐ మీద అంటగడుతున్నారు. ఒక్క కారుని పట్టుకుని ఈ లెక్కని సరిగ్గా విప్పి చూస్తే, రేపు ఎవరైనా "ఇది ఇన్వెస్ట్‌మెంట్" అన్నప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది. అందుకే ఈ ఎపిసోడ్.

అసలు ఏ కారు గురించి మాట్లాడుతున్నాం?

ఆర్35 జీటీ-ఆర్‌ని నిస్సాన్ 2007 అక్టోబర్‌లో టోక్యో మోటార్ షోలో చూపించింది. డిసెంబర్‌లో జపాన్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. అప్పటి ధర 77.7 లక్షల యెన్. 3.8 లీటర్ల ట్విన్ టర్బో వీ6 ఇంజిన్, 480 పీఎస్ పవర్, నాలుగు చక్రాలకీ డ్రైవ్. పోర్షే 911 టర్బోతో పోటీపడే స్పీడు, దానికన్నా చాలా తక్కువ ధర. అప్పట్లో ఇది పెద్ద సంచలనం.

ఆ తర్వాత 18 ఏళ్లు అదే కారుని మెరుగుపరుస్తూ వచ్చారు. మామూలు మోడల్ 570 పీఎస్ దాకా, నిస్మో మోడల్ 600 పీఎస్ దాకా వెళ్లింది. ఇంజిన్ ఒక్కొక్కటీ చేత్తోనే బిగించారు. ఆ పని చేసిన మాస్టర్లని జపాన్‌లో తకుమీ అంటారు. మొత్తం 18 ఏళ్లలో అలాంటివాళ్లు తొమ్మిది మందే. 2025 ఆగస్టులో తోచిగి ఫ్యాక్టరీలో చివరి ఆర్35 బయటికొచ్చింది. మొత్తం తయారైనవి దాదాపు 48,000.

ఈ 48,000 అనే అంకెని గుర్తుపెట్టుకోండి. తర్వాత దీంతో పనుంది.

ఆర్34 ఎందుకు అంత ఎగిరింది?

"ఆర్35 రేటు పెరుగుతుంది" అనేవాళ్లందరూ చూపించే సాక్ష్యం ఒక్కటే, దాని అన్న ఆర్34. అది నిజంగానే ఎగిరింది. 1999 జనవరిలో జపాన్‌లో ఆర్34 స్కైలైన్ జీటీ-ఆర్ దాదాపు 50 లక్షల యెన్‌కి దొరికేది. ఇప్పుడు మంచి కండిషన్‌లో ఉన్నదానికి దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. 2009లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాలో పాల్ వాకర్ నడిపిన నీలం రంగు ఆర్34ని 2023లో బోన్‌హామ్స్ వేలంలో 13.57 లక్షల డాలర్లకి కొన్నారు. అది సినిమా కారు కాబట్టి దాని లెక్క వేరు. కానీ మామూలు ఆర్34 కూడా సామాన్యుడికి అందే స్థాయి ఎప్పుడో దాటేసింది.

ఎందుకు? నాకు నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, సంఖ్య. ఆర్34 జీటీ-ఆర్‌లు తయారైనవి 11,500 పైచిలుకు మాత్రమే. అందులో ఎన్నో యాక్సిడెంట్లలో పోయాయి, ఎన్నో మాడిఫికేషన్ల పేరుతో గుల్లయ్యాయి.

రెండోది, అది ఒక కాలానికి చివరి కారు. 2002లో జపాన్‌లో పొల్యూషన్ రూల్స్ బిగించడంతో ఆర్34 ఆగిపోయింది. అదే ఏడాది టొయోటా సుప్రా, మాజ్డా ఆర్‌ఎక్స్-7 కూడా ఆగిపోయాయి. ఆరు సిలిండర్లు వరసగా ఉండే ఇంజిన్, చేత్తో వేసే గేర్లు, ఇవి ఉన్న జీటీ-ఆర్ మళ్లీ రాలేదు.

మూడోది, పిల్లల కలలు. గ్రాన్ టూరిస్మో, నీడ్ ఫర్ స్పీడ్ ఆడిన పిల్లలకి ఈ కారు గోడ మీద పోస్టర్. 12 ఏళ్ల వయసులో ప్లేస్టేషన్‌లో నడిపినవాడికి ఇప్పుడు 38 ఏళ్లు, చేతిలో డబ్బులున్నాయి. కలెక్టర్ కార్ల మార్కెట్‌ని నడిపేది చాలావరకు ఈ లెక్కే. చిన్నప్పుడు కొనలేనిదాన్ని పెద్దయ్యాక కొనడం.

నాలుగోది రీల్స్‌లో ఎవరూ చెప్పరు. ఆర్34ని అమెరికాలో అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు. అక్కడి రూల్ ప్రకారం, అక్కడి ప్రమాణాలకి తయారవని కారుని మామూలుగా దిగుమతి చేసుకోవాలంటే దానికి 25 ఏళ్లు నిండాలి. అంటే మొదటి ఆర్34లకి తలుపు తెరుచుకుంది 2024 జనవరిలో. డ్యామ్ వెనక నీళ్లు నిండినట్టు పాతికేళ్ల ఆశ పేరుకుపోయి ఉంది. గేట్లు ఎత్తే రోజు దగ్గరపడే కొద్దీ జపాన్‌లో రేట్లు పెరుగుతూ పోయాయి. డల్లాస్‌లోనో, సియాటెల్‌లోనో ఉన్న మనవాళ్లకి ఈ 25 ఏళ్ల రూల్ బాగా తెలిసిన సంగతే.

మరి ఆర్35కి ఈ నాలుగూ ఉన్నాయా?

ఒక్కొక్కటే టిక్కు పెట్టి చూద్దాం.

సంఖ్య: 48,000. ఆర్34కి నాలుగు రెట్లు. ఇక్కడ టిక్కు లేదు.

25 ఏళ్ల డ్యామ్: ఆర్35ని అమెరికాలో 2008 నుంచే షోరూమ్‌లో అమ్మారు, మొదటి ధర 69,850 డాలర్లు. కావాల్సినవాడు అప్పుడే కొనేశాడు. పేరుకుపోయిన ఆశ ఏమీ లేదు. ఇక్కడా టిక్కు లేదు.

పిల్లల కలలు: ఇది గట్టిగా ఉంది. అసలు ఈ కారు లోపలున్న మల్టీ ఫంక్షన్ డిస్‌ప్లేని డిజైన్ చేసిందే గ్రాన్ టూరిస్మో గేమ్ తయారుచేసిన పాలిఫొనీ డిజిటల్. మన ఫోన్లలో ఆస్ఫాల్ట్ ఆడిన పిల్లలకి జీటీ-ఆర్ అంటే ఈ ఆర్35నే. వాళ్ల చేతికి డబ్బులు రావడానికి ఇంకో పది పదిహేనేళ్లు పడుతుంది. టిక్కు పెట్టొచ్చు, కాకపోతే వడ్డీ లెక్క కూడా అప్పటిదాకా నడుస్తూనే ఉంటుంది.

చివరి కారు కావడం: ఇదే సగం టిక్కు. ఆర్35లో క్లచ్ పెడల్ ఎప్పుడూ లేదు. మొదటి రోజు నుంచీ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సే. కాబట్టి "చివరి మాన్యువల్" అనే ముద్ర దీనికి పడదు. కానీ జీటీ-ఆర్ పేరు మళ్లీ వస్తుందని నిస్సాన్ చెబుతోంది. వచ్చేది హైబ్రిడ్డో, పూర్తి ఎలక్ట్రిక్కో అయితే, బ్యాటరీ సాయం లేని చివరి జీటీ-ఆర్ ఇదే అవుతుంది. ఆర్35కి ఉన్న అసలైన బలం ఇక్కడుంది.

మొత్తం నాలుగింటికి ఒకటిన్నర. పాస్ మార్కులు కూడా కాదు, ఫస్ట్ క్లాస్ సంగతి తర్వాత.

"లిమిటెడ్" అనే మాటని ఎంత నమ్మొచ్చు?

ఇక్కడ మీకో డౌట్ వస్తుంది. "సరే, మామూలు ఆర్35 వద్దు. లిమిటెడ్ ఎడిషన్ కొంటే?"

దానికి ముందు పోర్షే కథ వినండి. 2016లో పోర్షే 911 ఆర్ అని ఒక కారు తెచ్చింది. 991 కార్లే చేస్తాం అన్నారు. 4 లీటర్ల ఇంజిన్, 500 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్, వెనక పెద్ద రెక్క లేదు. అమెరికాలో ధర 1,84,900 డాలర్లు. అప్పట్లో జీటీ3లో మాన్యువల్ దొరికేది కాదు. దాంతో జనం పిచ్చెక్కిపోయారు. కొన్నవాళ్లు కారు డెలివరీ తీసుకుని, అదే వారంలో ఎన్నో రెట్ల రేటుకి అమ్మకానికి పెట్టారు.

మరుసటి ఏడాదే పోర్షే కొత్త జీటీ3లో మాన్యువల్ గేర్‌బాక్స్ ఇచ్చేసింది. ఆ తర్వాత రెక్క లేని టూరింగ్ ప్యాకేజీ కూడా తెచ్చింది. 911 ఆర్‌లో జనానికి నచ్చిన అనుభవం చాలావరకు షోరూమ్ రేటుకే దొరకడం మొదలైంది. 911 ఆర్ రేట్లు కిందికి జారాయి. ఇప్పటికీ అది ఖరీదైన కారే, కొన్న ధర కన్నా ఎక్కువే పలుకుతుంది. కానీ ఆ మొదటి ఊపులో ఎక్కువ పెట్టి కొన్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి.

జీటీ-ఆర్‌లోనూ ఇలాంటిది జరిగింది. 2021లో టీ-స్పెక్ అని ప్రత్యేక మోడల్ ప్రకటించి, జపాన్‌కి 100 కార్లే అని లాటరీ పెట్టారు. తర్వాత 2024 మోడల్‌లో టీ-స్పెక్ మళ్లీ వచ్చింది. ఆఖరికి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన చివరి కారు కూడా మిడ్‌నైట్ పర్పుల్ రంగు టీ-స్పెక్కే.

దీన్నిబట్టి ఏం అర్థమవుతుంది? లిమిటెడ్ అనేది కంపెనీ ఇచ్చిన మాట. మార్కెట్ బాగుంటే ఆ మాట చుట్టూ ఇంకో దారి వెతుక్కుంటారు. అదే రూల్స్ వల్లో, టెక్నాలజీ మారడం వల్లో ఆగిపోయినదైతే, కంపెనీ కావాలనుకున్నా మళ్లీ చెయ్యలేదు. రెండోదే నిజమైన కొరత.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో మొదలై 1996లో ఆగింది. అది లిమిటెడ్ ఎడిషన్ కాదు, ఊరూరా తిరిగిన బండి. కానీ పొల్యూషన్ రూల్స్ వల్ల ఆ టూ స్ట్రోక్ ఇంజిన్, ఆ సౌండ్ ఇక మళ్లీ రావు. అందుకే ఇప్పటికీ బాగున్న బండి కనిపిస్తే జనం ఆగి రేటు అడుగుతారు. కొత్తదాంట్లో ఎవరూ దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అని దాచలేదు. అందరూ వాడి అరగదీశారు కాబట్టే, మిగిలినవాటికి ఇప్పుడు విలువ.

అందరూ దాచుకుంటే ఏమవుతుంది?

ఇంకో పాత కథ, జాగ్వార్ ఎక్స్‌జే220. 1980ల చివర్లో స్పోర్ట్స్ కార్ల రేట్లు ఆకాశంలో ఉన్నాయి. ఫెరారీ బుక్ చేసుకుని, ఆ బుకింగ్ కాగితాన్నే లాభానికి అమ్ముకునేవాళ్లు. సరిగ్గా అప్పుడే జాగ్వార్ 50,000 పౌండ్ల అడ్వాన్స్‌తో బుకింగ్ తెరిచింది. జనం ఎగబడ్డారు. అందులో చాలామంది నడపడానికి కాదు, అమ్ముకోవడానికే బుక్ చేశారు.

ఆ తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. ముందు చెప్పిన వీ12 ఇంజిన్ పోయి ట్విన్ టర్బో వీ6 వచ్చింది. ధర మాత్రం 3.61 లక్షల పౌండ్ల నుంచి 4.7 లక్షలకి చేరింది. కారు చేతికొచ్చే సమయానికి మార్కెట్ కూలిపోయింది. కొనాల్సినవాళ్లు కొందరు తప్పించుకోవడానికి కోర్టుకెక్కారు. తయారైనవి మూడు వందల లోపే. అయినా అమ్ముడుపోలేదు. 1997లో మిగిలిన కొత్త కార్లని దాదాపు 1.27 లక్షల పౌండ్లకి వదిలించుకున్నారు.

మూడు వందల లోపు ఉన్న కారే అమ్ముడుపోలేదంటే, సంఖ్య తక్కువ ఉంటే చాలు అనే సిద్ధాంతం అక్కడికక్కడే ఫెయిల్. కొన్నవాళ్లలో ప్రేమించేవాళ్లకన్నా లాభం చూసుకునేవాళ్లు ఎక్కువైతే, రేటు తగ్గిన రోజు అందరూ ఒకే తలుపు వైపు పరిగెడతారు.

ఇక నా ఫీల్డ్: సాఫ్ట్‌వేర్

ఈ పాయింట్ నాకు చాలా ముఖ్యం. యూట్యూబ్‌కి రాకముందు నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేశా. పదేళ్ల నాటి కోడ్‌ని బతికించడం ఎంత కష్టమో అందులో ఉన్నవాళ్లకి తెలుసు. రాసినవాడు ఉండడు, డాక్యుమెంట్ ఉండదు, అది నడిచే మెషీన్ మార్కెట్‌లో దొరకదు.

ఇప్పుడు అదే కారులో ఊహించుకోండి. మెక్‌లారెన్ ఎఫ్1 ఉంది కదా, 1990ల కారు, మొత్తం 106 మాత్రమే. 2021లో ఒకటి 2 కోట్ల డాలర్లకి పైగా పలికింది. అంత కారుకి సర్వీస్ చెయ్యడానికి కంపెనీ చాలా ఏళ్లపాటు 1990ల నాటి కాంపాక్ ల్యాప్‌టాప్‌ల మీదే ఆధారపడింది. ఎందుకంటే కారుతో మాట్లాడే ప్రత్యేకమైన కార్డు ఆ ల్యాప్‌టాప్‌లోనే పనిచేసేది. ఆ పాత ల్యాప్‌టాప్‌లని వెతికి మరీ దాచుకున్నారు.

ఆర్35 ఇంకా పెద్ద కంప్యూటర్. జపాన్ మోడల్‌లో ఒక తమాషా ఫీచర్ ఉంది. మామూలుగా గంటకి 180 కిలోమీటర్ల దగ్గర స్పీడ్ లిమిటర్ ఆపేస్తుంది. మీరు రేస్ ట్రాక్‌లో ఉన్నారని జీపీఎస్ గుర్తిస్తే ఆ లిమిటర్‌ని తీసేసుకోవచ్చు. 2007లో ఇది అద్భుతం. మరి 2047లో? ఆ మ్యాప్, ఆ యూనిట్, ఆ స్క్రీన్ పాడైతే పార్ట్ ఎక్కడ దొరుకుతుంది? 1960ల కారులో కార్బ్యురేటర్ పాడైతే మంచి మెకానిక్ షెడ్డులో కూర్చుని బాగుచేస్తాడు. గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌లో చిప్ పోతే సుత్తి, స్పానర్‌తో అయ్యే పని కాదు.

ఇక్కడే ఆ 48,000 అంకె తిరగబడుతుంది. రేటు పెరగడానికి అది శాపం, కారు బతకడానికి మాత్రం అదే వరం. 18 ఏళ్లు, వేల కార్లు, ప్రపంచమంతా ట్యూనర్లు. ఈ కారు కంప్యూటర్‌ని విప్పి చదివి, మార్చి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. బయటి కంపెనీల పార్ట్స్ కూడా విపరీతంగా దొరుకుతాయి. పైగా నిస్సాన్‌కి నిస్మో హెరిటేజ్ పేరుతో ఆర్32 లాంటి పాత జీటీ-ఆర్‌ల పార్ట్స్ మళ్లీ తయారుచేసే అలవాటు ఉంది. వంద మాత్రమే చేసిన ఏదో సూపర్ కారు కన్నా ఆర్35 నలభై ఏళ్ల తర్వాత స్టార్ట్ అయ్యే అవకాశం ఎక్కువని నా నమ్మకం.

ఇప్పుడు డబ్బుల లెక్క

జీటీ-ఆర్ మన దేశంలో కూడా అధికారికంగా అమ్మారు. 2016 డిసెంబర్‌లో లాంచ్, ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 1.99 కోట్లు. రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వదిలేద్దాం. ఆ 1.99 కోట్లు 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, పదేళ్లకి దాదాపు 3.9 కోట్లు అవుతాయి, ట్యాక్స్ పక్కన పెడితే. అంటే పదేళ్ల తర్వాత ఆ కారు 3.9 కోట్లకి అమ్ముడుపోతే లాభమూ లేదు, నష్టమూ లేదు. రేటు "డబుల్ అయింది" అని పండగ చేసుకునేవాడు నిజానికి ఎఫ్‌డీతో సమానంగా నిలబడ్డాడంతే.

అందులోంచి పదేళ్ల ఇన్సూరెన్స్ తియ్యండి. నడపకపోయినా టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ చస్తుంది, ఆయిల్ మార్చాలి, రబ్బరు సీల్స్ ఎండిపోతాయి. తేమ తగలని గ్యారేజీ కావాలి. భూమికి ఇవేవీ అక్కర్లేదు, బంగారం లాకర్‌లో పడుంటుంది. కారు మాత్రం పశువు లాంటిది, మేపుతూ ఉండాలి.

ఇంకోటి. అమ్మేటప్పుడు కొనేవాడు కావాలి. జీటీ-ఆర్‌కి అసలు మార్కెట్ జపాన్, అమెరికా, యూరప్. ఇక్కడి కారుని అక్కడికి పంపడం మామూలు వ్యవహారం కాదు. అటు నుంచి తెచ్చుకోవడమూ అంతే. మామూలు దిగుమతి రూల్స్ ప్రకారం సెకండ్ హ్యాండ్ కారు మూడేళ్ల లోపుదై ఉండాలి, ఆపైన భారీ సుంకం. మన రిజిస్ట్రేషన్ రూల్స్‌లో వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు దాటాలి. 1999 ఆర్34 ఆ గీత చేరేది 2049లో. మన దగ్గర ఈ మార్కెట్ ఇంకా చాలా చిన్నది, అమ్మాలనుకున్న రోజే అమ్ముడుపోతుందన్న గ్యారంటీ లేదు.

నా తీర్పు

ఆర్35 కలెక్టర్ కారు అవుతుందా? అవుతుంది. కానీ అన్నీ కాదు.

అసలు మార్పులు చెయ్యని మొదటి ఏడాది కార్లు, నిస్మోలు, చివరి బ్యాచ్ కార్లు, వీటికి మంచి భవిష్యత్తు ఉంది. ఇటాల్‌డిజైన్‌తో కలిసి 50 మాత్రమే చేస్తామన్న జీటీ-ఆర్50 సంగతి వేరే ప్రపంచం. ఇంకో విషయం, ఆర్35ని కొన్నవాళ్లలో ఎక్కువమంది టర్బోలు మార్చి, సాఫ్ట్‌వేర్ మార్చి వాడేశారు. అందుకే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండి, సర్వీస్ రికార్డు మొత్తం చేతిలో ఉన్న మామూలు కారు కూడా రేపు అరుదైపోతుంది. మిగతావి? పాత కార్లన్నిట్లాగా తుక్కు ధరకి పడిపోవు, రేటు బాగానే నిలబడుతుంది. కానీ ఆర్34 లాంటి జాక్‌పాట్ కొడుతుందని నేను అనుకోవట్లేదు.

రేపు కారైనా, బైకైనా, ఇంకేదైనా, ఎవరైనా "దీని రేటు పెరుగుతుంది" అంటే నాలుగు ప్రశ్నలు అడగండి. కంపెనీ కావాలనుకుంటే దీన్ని మళ్లీ చెయ్యగలదా? ఇవాళ పన్నెండేళ్ల పిల్లాడు దీన్ని చూసి కలలు కంటున్నాడా? ఇరవై ఏళ్ల తర్వాత దీన్ని బాగుచేసేవాడు ఉంటాడా? ఎఫ్‌డీ వడ్డీ, మెయింటెనెన్స్ పోగా ఏమైనా మిగులుతుందా? నాలుగింటికీ సమాధానం దొరక్కపోతే అది ఇన్వెస్ట్‌మెంట్ కాదు, ఇష్టంతో పెట్టే ఖర్చు. ఇష్టంతో ఖర్చు పెట్టడం తప్పేం కాదు. దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అని ఇంట్లో నాన్నకి చెప్పి, పర్సనల్ లోన్ మీద కొనడమే తప్పు. రేటు పెరుగుతుందో లేదో తేలడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, ఈఎంఐ మాత్రం వచ్చే నెల ఐదో తారీఖుకే కట్ అవుతుంది.

నా చేతికి నిజంగా ఒక ఆర్35 వస్తే కవర్ కప్పి దాచను. నిండా పెట్రోల్ కొట్టించి నడుపుతా. తొమ్మిది మంది మాస్టర్లు చేత్తో ఇంజిన్ బిగించింది గ్యారేజీలో నిద్రపుచ్చడానికి కాదు కదా.

తర్వాత ఏ బండి లెక్క విప్పాలో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, సీట్ బెల్ట్ పెట్టుకోండి. ఉంటా మరి.